నాయిన కుడికాలు

ఈస్టర్ పండుగ దాటిన దగ్గర్నుంచి నేను మా విశ్వవిద్యాలయంలోకి ముందు తలుపు గుండా వెళ్ళడం మానేశాను. వంటశాల పక్క సందులోంచి వెనక మెట్లెక్కి నా గదికి పోతున్నాను. మొదట్లో వంటవాళ్ళు కంగారుపడి పప్పు గిన్నెల మీద మూతలు పెట్టి వరసగా నిలబడేవారు. ఫాదర్ తనిఖీకి వచ్చారనుకున్నారు పాపం. ఇప్పుడు వాళ్ళకూ అలవాటైపోయింది, తల ఊపి పనిలో పడుతున్నారు. ముందు హాల్లో గోడ మీద నా ఫోటో ఒకటి పెద్దది చేయించి తగిలించారు. దాని ముందునుంచి నడవడానికి మొహం చెల్లక ఈ దొంగదారి పట్టాను.

ఫోటోలో నేను పూజ వస్త్రాలతో మోకాళ్ళ మీద ఉంటాను. ఒక ముసలాయన కుడిపాదం నా రెండు చేతుల్లో ఉంటుంది. నా తల దానిమీదికి వంగి ఉంటుంది. ఆ ముసలాయన మా నాయిన. వచ్చిన ప్రతివాళ్ళూ దాని ముందు ఆగి, కొందరు కళ్ళు కూడా తుడుచుకుని, నా గదికి వచ్చి "ధన్యులు ఫాదర్ మీరు" అంటారు. నాకు తల కొట్టేసినట్టవుతుంది. తీయించేద్దామంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పగలిగే ధైర్యమే ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు.

మాది అలియాబాద్ పక్కన చిన్న ఊరు. నాయిన జీడిమెట్లలో బట్టలకు వేసే రంగులు తయారుచేసే కంపెనీలో పనిచేసేవాడు. రబ్బరు బూట్లు ఇచ్చేవారు గాని అవి ఎప్పుడూ చిరిగే ఉండేవి. అందుకని మా నాయిన పాదాలు ఒక వారం గులాబీ రంగులో, ఒక వారం నీలం రంగులో ఉండేవి. అమ్మ ఇటుక ముక్కతో రుద్దేది, కిరసనాయిలు పూసేది, ఊహూఁ, పోయేది కాదు. ఆదివారం గుడిలో అందరూ చెప్పులు బయట విడిచి మోకరించినప్పుడు, నేను తల తిప్పకుండానే వరసలో నాయిన ఎక్కడున్నాడో చెప్పగలిగేవాణ్ని. ఒకసారి ఎవరో "హోలీ ఇంక నడుస్తనే ఉందా ఏంది?" అని నవ్వారు. ఆ వారం నాయిన మేడ్చల్ అంగట్లో మేజోళ్ళు కొనుక్కొచ్చాడు. అప్పటినుంచి ఎండాకాలంలో కూడా మేజోళ్ళు విప్పి ఎరగడు.

పదో తరగతి అయ్యాక నేను ఫాదర్లు తయారయ్యే సెమినరీకి పోయాను. గురువుగా, అంటే ఫాదర్‌గా, అభిషేకం పొందిన రోజు, అరచేతులకు పూసిన తైలం తడి ఆరకముందే అమ్మ, నాయిన వచ్చి నా ముందు మోకరించారు. కొత్త గురువు మొదటి దీవెన తల్లిదండ్రులకే ఇవ్వడం మా ఆచారం. దీవించాను. లేచి నిలబడి నాయిన నాతో అన్న మొదటి మాట, "అన్నం తిన్నరా ఫాదర్?" అని. పొద్దున్నదాకా 'అరేయ్' అన్న మనిషి! నేను నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను. ఆ రోజు మొదలు నాయిన నన్ను పేరుతో పిలవలేదు, 'నువ్వు' అనలేదు, నా ఎదుట కుర్చీలో కూర్చోలేదు. మా ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళలో కొడుకు గురువైతే ఇంతే. కొడుకు దక్కినట్టే దక్కి చేయిజారిపోతాడు.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో నన్ను మనిషిలా పలకరించేది మా అక్క ఒక్కతే. నాకంటే పెద్దది. అంగన్‌వాడీలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైంది. భర్త పోయాక నాయినతోనే ఉంటోంది. ఎవరేమనుకున్నా సరే, నన్ను "ఏంరా ఫాదరూ" అనే పిలుస్తుంది. 'రా' ఆవిడ హక్కు, 'ఫాదర్' ఆవిడ మర్యాద, రెండూ వదులుకోదు.

పాఠాలు చెప్పాను, డాక్టరేటు చేశాను, కాలేజీకి ప్రిన్సిపాల్‌నయ్యాను. చివరికి శామీర్‌పేట దగ్గర మా ఫాదర్ల సభ పెట్టిన ఈ విశ్వవిద్యాలయానికి నన్ను అధ్యక్షుణ్ని చేశారు. నాయిన ఊళ్ళో "మా ఫాదర్ ప్రెసిడెంట్ అయిండు" అని చెబితే, "ఏ మండలానికి?" అని అడిగారట. "మండలం గాదుర బై, సదువులకు!" అని నాయిన విసుక్కున్నాడట. ఆ మాట అక్క చెప్పినప్పుడు పడిపడి నవ్వాను. అప్పటికింకా నవ్వేవాణ్ని.

పదవి మనిషిని ఎక్కడ పట్టుకుంటుందో పట్టుకునేదాకా తెలియదు. ఒకరోజు అక్కను కారులో మేడ్చల్ తీసుకెళ్ళాను. కారు ఆగింది. అక్క అటువైపు దిగింది. నేను లోపలే కూర్చుని ఉన్నాను. డ్రైవర్ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. అక్క చుట్టూ తిరిగి నా వైపు వచ్చి అద్దం మీద కొట్టి, "చేతులకేమన్న అయిందారా?" అంది. అప్పుడు గాని నాకు తట్టలేదు, డ్రైవర్ వచ్చి తలుపు తీస్తాడని ఎదురుచూస్తున్నానని. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు మళ్ళీ డ్రైవరే తీశాడు, మళ్ళీ దిగాను.

ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర గురువారం సంగతి చెప్పాలి. ఏసుప్రభువు చివరి భోజనం వేళ పన్నెండుమంది శిష్యుల పాదాలు కడిగాడు గనక, ఆ సాయంత్రం పూజలో గురువు పన్నెండుమంది కుడిపాదాలు కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకోవాలి. మామూలుగా ఊళ్ళలో కూలీలో, ముసలివాళ్ళో కూర్చుంటారు. మా విశ్వవిద్యాలయంలో మాత్రం పన్నెండు కుర్చీలకూ హోదా ప్రకారం పేరు చీటీలు అంటించేవారు. మొదట రిజిస్ట్రారు, తర్వాత డీన్లు, తర్వాత విభాగాధిపతులు. ఒకాయన కొంపల్లి మాల్‌కి వెళ్ళి కాళ్ళకు తళతళ లాడే సింగారం చేయించుకొచ్చాడు. గులాబీ నూనె వాసన. ఇంకొకాయన, నేను పాదం పట్టుకోగానే, గురువు చేత కాళ్ళు పట్టించుకుంటే పాపమని గబుక్కున లేచి నా కాళ్ళ మీదే పడ్డాడు. నీళ్ళ గిన్నె కాస్తా ఒలికిపోయింది. ఇద్దరం తడిసి ముద్దయ్యాం. శిష్యుల్ని కూర్చోబెట్టి సేవ చేసిన ప్రభువు పేరుతో మేం ఆడిన నాటకం ఇది. నాకు తెలుసు. తెలిసి కూడా ఏనాడూ ఆ చీటీలు పీకేయమనలేదు.

ఈ ఏడు, ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సు కాలం మధ్యలో అక్క ఫోన్ చేసింది. మామూలుగా తిట్టు లేకుండా మొదలుపెట్టదు, ఆరోజు తిట్టలేదు. అందుకే భయమేసింది.

"నాయిన కుడికాలు ఖరాబైందిరా. ఎవ్వరికి జూపిస్తలేడు. మేజోడు విప్పడు. ఒక్కతీరు వాసన. షుగర్ ఉన్న మనిషి గదా, నాకు మస్తు పరేషాన్ అయితాంది."

"ఆస్పత్రికి తీసుకురా అక్కా. నేను చెప్తాను, అన్నీ చూసుకుంటారు."

"అబ్బో, చెప్తవు. నాకు తెల్వదా ఆస్పత్రని? రానంటుండు. ఫాదర్‌కు చెప్పకు, ఆయనకు నూరు పనులుంటయ్, మన కాళ్ళు చేతులు ఆయన మీద పెట్టొద్దు అంటుండు. నా మీద ఒట్టు పెట్టిండు కూడ. నేను ఒట్టు తిన్నట్టే తిని నీకు ఫోన్ చేస్తున్న."

"మరి ఏం చేద్దాం?"

"పవిత్ర గురువారం మన గుళ్ళె నువ్వే పూజ చెయ్యి. నాయినను పన్నెండుమందిల కూసోబెడ్త. పీఠం ముంగట గురువు కాలు అడిగితే ఇయ్యను అనడు గదా? మేజోడు ఇప్పిపియ్యి. కండ్లార చూడు. చూసినంక ఇగ నీకు దాచేది ఏముంటది, ఆస్పత్రికి నడువుమంటే నడుస్తడు."

మా అక్క బుర్ర అలాంటిది. మా ఊరి గుడి చూసే విచారణ గురువుగారికి చుట్టూ ఊళ్ళు చాలా ఉన్నాయి, నేను వస్తానంటే సంతోషించారు. విశ్వవిద్యాలయంలో పూజ ఇంకొకరికి అప్పగించాను. మా ప్రచార విభాగం వాళ్ళు కెమెరాతో నా వెంట వస్తామన్నారు. రమ్మనలేదు, వద్దనీ అనలేదు. వద్దని ఒక్క ముక్క అనుంటే ఎంత బాగుండేది! కాని కన్న ఊళ్ళో, సొంత తండ్రి పాదాలు కడుగుతున్న అధ్యక్షుడి బొమ్మ ఎలా ఉంటుందో నా మనసు అప్పటికే ఊహించుకుంది. అది ఇప్పుడు ఒప్పుకోవడానికి కూడా ఒళ్ళు ముడుచుకుపోతోంది.

ఆ సాయంత్రం గుడి కిక్కిరిసింది. పన్నెండుమందీ భుజాల మీద కొత్త తువ్వాళ్ళతో కూర్చున్నారు. అక్క పట్టుబట్టి కూర్చోబెట్టగా నాయిన చివరి కుర్చీ అంచున ఉన్నాడు. బూట్లు బయట విడిచాడు గాని, మేజోళ్ళు అలాగే ఉన్నాయి. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. నేను ఒక్కొక్కరి ముందూ మోకాళ్ళూని కడుగుతూ, తుడుస్తూ, ముద్దు పెట్టుకుంటూ వస్తున్నాను. మట్టి పాదాలు, పగిలిన మడమలు, ఒకాయనకు బొటనవేలి గోరే లేదు. ఏదీ కష్టం అనిపించలేదు. పైగా లోపల కొంచెం గర్వంగా ఉంది.

నాయిన ముందుకు వచ్చేసరికి ఆయన ఎడమకాలు మేజోడు విప్పి సిద్ధంగా ఉన్నాడు. మంచి కాలు అన్నమాట.

"కుడికాలు నాయినా," అన్నాను.

"ఇది చాలు ఫాదర్. కాళ్ళన్నీ దేవునియే గదా."

ఆడవాళ్ళ వైపునుంచి అక్క గొంతు ఖంగుమంది. "కుడిది పెట్టు నాయినా! గుళ్ళె కూడ మొండితనమేనా?"

గుడంతా గొల్లున నవ్వింది. నాయిన తలొంచుకున్నాడు. నేనే చెయ్యి చాచి కుడికాలి మేజోడు మెల్లగా కిందికి లాగాను. లోపల పాత పంచె పీలికలు చుట్టి ఉన్నాయి. అవి తడిసి చర్మానికి అంటుకుపోయాయి. విప్పుతుంటే వాసన లేచింది. పక్క కుర్చీలోని పెద్దమనిషి తువ్వాలు ముక్కుకు పెట్టుకున్నాడు. వేళ్ళు నల్లబడిపోయాయి. అరికాలి కింద గుంట. అయ్యో దేవుడా, ఈ కాలితో ఈ మనిషి ఎలా నడిచాడు! నేను నొప్పి పుడుతుందేమోనని భయపడుతూ నీళ్ళు పోస్తుంటే నాయిన నా చెవి దగ్గరికి వంగి, "నొప్పి లేదు ఫాదర్. స్పర్శనే లేదు. మీరు వాసన పీల్చకుండ్రి," అన్నాడు.

కడిగాను. తుడిచాను, తుడిచానంటే తువ్వాలు అద్దాను. ఇక ముద్దు పెట్టుకోవాలి. పక్కన కెమెరా మనిషి ఒంగి దగ్గరికి వచ్చాడు. పాదాన్ని రెండు చేతులతో ఎత్తాను. తల వంచాను. వాంతి అయిపోతుందేమో, ఇంతమంది ముందు, కెమెరాలో, ఈ వస్త్రాల మీద అని భయం. నా పెదవులు పాదానికి జానెడు ఎత్తున ఆగిపోయాయి. తువ్వాలు కొస అడ్డం పెట్టుకున్నాను. ముద్దు పెట్టుకున్నంత సేపు అలా ఉండి, తలెత్తాను.

అంతే. అంతకుమించి ఏమీ జరగలేదు. పదకొండుమంది ఊరివాళ్ళ పాదాలకు పెట్టిన ముద్దు, నన్ను కన్న మనిషి పాదానికి పెట్టలేకపోయాను. రంగు నీళ్ళల్లో నానిన ఆ కాళ్ళ జీతంతో నా చదువు నడిచింది. తలెత్తి చూస్తే నాయిన కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటున్నాడు. కన్నీళ్ళు కారుతున్నాయి. పూజ మిగతా భాగం నా నోరు చేసింది, నేను చేయలేదు.

అక్క అన్నట్టే అయింది. పూజ అవగానే నాయిన మారుమాట్లాడకుండా కారెక్కాడు. "మీరు చూసిండ్రు గదా, ఇగ ఎందుకు దాసుడు, పోదాం తీండ్రి," అన్నాడు. కొంపల్లి దారిలో ఉన్న ఆస్పత్రిలో చేర్పించాం. అక్క ఆయన దగ్గర ఉండిపోయింది. శుభ శుక్రవారం పొద్దున నేను వెళ్ళేసరికి నర్సులు నా వంక ఒకలా చూస్తున్నారు. ఒకమ్మాయి ఫోన్ తెచ్చి చూపించింది. ఆ ఫోటో. రాత్రికి రాత్రే మా ప్రచార విభాగం దాన్ని ఊరంతా పంచేసింది. వాళ్ళు తీసిన కోణంలో నా మొహానికీ నాయిన పాదానికీ మధ్య ఖాళీ కనిపించదు. నిండు ముద్దులా ఉంది.

"మీ లాంటి కొడుకులుంటారా ఫాదర్!" అంది ఆ అమ్మాయి. నేల చీలితే అందులోకి పోదామనిపించింది. "థాంక్స్ అమ్మా," అన్నాను. ఏం చెయ్యను, అదే వచ్చింది నోట్లోంచి.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "విషం పైకెక్కుతోంది ఫాదర్. మోకాలి కింద తీసెయ్యాలి. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు. కాని ఆయన ఒప్పుకోవట్లేదు. మీరు చెబితే వింటారేమో."

నాయిన మంచం పక్కన కూర్చున్నాను. నేను మంచి వక్తనని అందరూ అంటారు. ప్రాణం విలువ గురించి, శరీరం గురించి, దేవుడి చిత్తం గురించి గంటసేపు చెప్పాను. ప్రతి మాటకూ నాయిన "అవును ఫాదర్, నిజమే ఫాదర్" అన్నాడు. చివరికి, "మీరు చెప్పినయన్నీ మంచిగున్నయ్. గని కాలు మాత్రం తియ్యనియ్య," అన్నాడు.

"ఎందుకు నాయినా? ప్రాణం పోతుంది!"

"పోతే పోనీండ్రి. మీ అమ్మ దగ్గరికి నిండు మనిషిగనే పోత. ఒక్క కాలుతోటి పోతే గుర్తు పడ్తదా?"

బయటికి వచ్చి వరండాలో కూలబడ్డాను. నాయిన చచ్చిపోతాడని నాకు అప్పుడు నిజంగా అర్థమైంది. అక్క నా వంక ఒకసారి చూసి, చీర కొంగు దోపుకుని లోపలికి పోయింది. తలుపు వేసుకుంది. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. చాలాసేపటికి బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒప్పుకుండు. ఒక షరతుంది. నిన్ను రమ్మంటుండు."

లోపలికి వెళ్ళాను. నాయిన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒక విషయం తేల్చుకున్న మనిషిలా నిమ్మళంగా ఉన్నాడు.

"ఫాదర్, తీసేసిన కాలును వీళ్ళు ఏం జేస్తరు?"

"ఆస్పత్రివాళ్ళే చూసుకుంటారు నాయినా," అన్నాను.

"చెత్తల కాలవెడ్తరట. నాకు తెలుసు. గట్ల జేస్తె ఊకోను. గా కాలు ఇగ ఉత్త కాలు గాదు. గుళ్ళె, పీఠం ముంగట, అంత వాసనొస్తున్నా మీరు ముద్దు వెట్టుకున్నరు. నాకు స్పర్శ లేకపాయె, తెల్వకపాయె. కండ్లు మూసుకున్న గూడ. మీ అక్క దగ్గరికెళ్ళి చూసిందట, చెప్పింది. గసొంటి కాలును పారేస్తె పాపం గాదా? మీ అమ్మ పక్కన పూడ్చుండ్రి. మీరే ప్రార్థన జేసి పెట్టుండ్రి. గట్లయితే నాకంటే ముందు నా కాలే పోయి మీ అమ్మకు చెప్తది, నేను ఎనకొస్తున్ననని. గా మాటిస్తే ఇగ తియ్యుమనుండ్రి."

నోరు తెరిచాను. చెప్పేద్దామనే తెరిచాను. 'నాయినా, నేను పెట్టుకోలేదు' అని నాలుగు ముక్కలు. పెదవుల దాకా వచ్చాయి కూడా. చెబితే ఏమవుతుంది? ఆ కాలు మళ్ళీ ఉత్త కాలైపోతుంది. ఈ షరతు పోతుంది. ఆ నల్లటి వేళ్ళతోనే ఈయన అమ్మ దగ్గరికి పోతాడు. నేను చేసిన దొంగ పని మీద మా నాయిన ప్రాణం నిలబడి ఉంది. జన్మలో ఎంతోమంది నా చెవిలో తమ పాపాలు ఒప్పుకున్న పాపసంకీర్తనలు విన్నాను, నిజం చెప్పండి, బరువు దిగుతుంది అని బుద్ధులు చెప్పాను. ఆరోజు నిజం చెప్పే అర్హత కూడా నాకు మిగల్లేదు.

"అట్లనే నాయినా," అన్నాను.

"మాటనా?"

"మాట."

ఆయన నా చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఛీ, అనిపించింది నా మీద నాకు.

ఆపరేషన్ బాగా జరిగింది. నాయిన దక్కాడు. కాలును మాకు ఇవ్వమని అడిగితే, డాక్టరమ్మ వింతగా చూసి, తర్వాత నెమ్మదిగా తలూపింది. మర్నాడు పొద్దున్నే సంతకం పెట్టించుకుని తెల్లబట్టలో చుట్టి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. డ్రైవర్ డిక్కీ తీయబోయాడు. "వద్దు బాబూ," అని పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ప్రచార విభాగం వాళ్ళకు ఈసారి ముందే ఫోన్ చేసి, ఎవరూ రావద్దని గట్టిగా చెప్పాను. శామీర్‌పేట దాటి ఊరు చేరేదాకా ఒళ్ళో బరువు తెలుస్తూనే ఉంది. ఇంత తేలికా మనిషి కాలు అనుకున్నాను, అంతలోనే ఇంత బరువా అనిపించింది. ఊళ్ళో దిగేటప్పుడు నా రెండు చేతులూ పెట్టెకే సరిపోయాయి. డ్రైవరే వచ్చి తలుపు తీశాడు. ఆ ఒక్కసారికి సిగ్గనిపించలేదు.

బొందలగడ్డలో అమ్మ సమాధి పక్కన, ముందే ఊరికొచ్చి చిన్న గుంట తవ్వించి ఉంచింది అక్క. తవ్వినవాళ్ళను పంపించేసి పార దగ్గర పెట్టుకుని ఒక్కతే నిలబడి ఉంది. ఎండ ఇంకా ఎక్కలేదు. అవతల కరీంనగర్ రోడ్డు మీద లారీలు పోతున్న చప్పుడు. పూజా పుస్తకంలో కాలు పూడ్చడానికి ప్రార్థనంటూ ఏదీ లేదు. మెడలో గురువు పట్టీ వేసుకుని పరలోక ప్రార్థన చెప్పాను. మరియమ్మకు వందనం చెప్పాను. నీళ్ళు చల్లాను. "అమ్మా, నాయిన కాలు వస్తోంది, చూసుకో" అని లోలోపల అనుకున్నాను. పెట్టెలోంచి మూట తీసి గుంటలో పెట్టడానికి మోకాళ్ళూనాను.

పెట్టలేకపోయాను. ఆ మూటను అలాగే పట్టుకుని కూర్చున్నాను. బట్టమీద చేయి పెట్టి వేళ్ళు ఎటున్నాయో, మడమ ఎటుందో తడిమి చూసుకున్నాను. ఆస్పత్రి మందు వాసన వేస్తోంది. తల వంచి, ఆ వేళ్ళ మీద ముద్దు పెట్టుకున్నాను. ఈసారి జానెడు దూరం లేదు. మొహం ఎత్తాలనిపించలేదు. ఏడుపు ఆగలేదు. చిన్నప్పుడు నాయిన షిఫ్టు దిగి వచ్చి గడపలో కూర్చుంటే ఆ నీలం కాళ్ళ మీదెక్కి ఊగేవాణ్ని, అది గుర్తొచ్చింది. ఎంతసేపున్నానో తెలియదు. నేను మూటను గుంటలో పెట్టి లేచి నిలబడ్డాక, ఆవిడ మొహం చూడడానికి భయపడి అమ్మ సమాధి మీది సిలువ వంక చూస్తూ నిలబడ్డాను.

అక్క పార అందుకుంది. ఒక పార మట్టి వేసి ఆగింది.

"నాయిన అడుగుతడు పోంగనే. ఫాదర్ మంచిగ పెట్టిండా అని. ముద్దు వెట్టుకొని పెట్టిండని చెప్త." ఇంకో పార మట్టి వేసింది. "పోనీ తీ, ఈసారి నాతోని అబద్ధమాడిపియ్యలే నువ్వు. జరుగు, కాళ్ళ మీద మన్ను పడ్తది."

నేను పక్కకు జరిగాను.